పాత పడవ వెనక చెక్కకు వెస్ట్ సిస్టమ్ ఎపాక్సీ: రెండు సీజన్లు వాడాక

ఎపాక్సీ అంటే రెసిన్, హార్డెనర్ అనే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు. వెస్ట్ సిస్టమ్ వాళ్ల 105 రెసిన్, 206 హార్డెనర్ కొనాలా వద్దా అని తేల్చుకోలేక మూడు వారాలు ఆగాను. పాత పడవను తక్కువ ఖర్చులో చేపల వేటకు సిద్ధం చేసుకునేవాడికి అది చిన్న ఖర్చు కాదు. పడవ కొనడానికి ఎంత పెట్టానో అందులో దాదాపు నాలుగో వంతు ఈ రెండు డబ్బాలకే పోయింది. అదే షెల్ఫులో ఫైబర్ పనికి వాడే పాలియెస్టర్ రెసిన్ సగం కన్నా తక్కువకే కనిపిస్తోంది. అయినా ఎపాక్సీయే కొన్నాను. రెండు సీజన్లు వేటకు తిరిగాక, మొన్న ఇంజిన్ బోల్టులు విప్పి లోపల ఎలా ఉందో కళ్లారా చూసుకున్నాక ఇది రాస్తున్నాను. పాత పడవ మీద ఎక్కడైనా పొదుపు చేయండి కానీ వెనక చెక్క దగ్గర చేయకండి. నేను గట్టిగా చెప్పదలచుకున్నది అదే.

పడవ 16 అడుగుల ఫైబర్ పడవ, వయసు 30 ఏళ్లు దాటింది. అమ్మిన పెద్దాయన మోకాళ్లు సహకరించక నీళ్ల మీదికి వెళ్లడం మానేశారు. బేరం కుదరకముందే "వెనక చెక్క సంగతి చూసుకో బాబూ, ఇంజిన్ బరువంతా దాని మీదే" అని తనంతట తనే చెప్పారు. ఆ చెక్కనే ట్రాన్సమ్ అంటారు. బయటా లోపలా ఫైబర్ పొరలు, మధ్యలో ప్లైవుడ్. ఇంజిన్ వేగం పెంచినప్పుడు ఫ్యాన్ కింద నుంచి పడవను ముందుకు నెడుతుంది. దాంతో పై బోల్టులు వెనక్కి లాగుతాయి, బ్రాకెట్ కింది అంచు చెక్కను ముందుకు నొక్కుతుంది. మధ్యలోని ప్లై కుళ్లితే ఈ లాగుడంతా రెండు పల్చటి ఫైబర్ పొరల మీదే పడుతుంది.

పరీక్షకు పెద్ద పరికరాలేమీ వాడలేదు. స్క్రూడ్రైవర్ పిడితో అంగుళం అంగుళం కొట్టుకుంటూ పోయాను. పైన ఖంగుమంది, కిందికి వచ్చేసరికి మెత్తగా, చప్పగా మోగింది. ఇంజిన్ వంచి దాని అడుగు భాగం మీద బరువు వేస్తే చెక్క పైఅంచు కదలడం కంటికే కనిపించింది. చివరికి లోపలి వైపు నుంచి 3 మిల్లీమీటర్ల బెజ్జాలు ఆరు వేశాను. పైన రెండింటిలోంచి లేత రంగు పొడి పొట్టు వచ్చింది. కింద నాలుగింటిలోంచి నల్లటి తడి ముద్ద డ్రిల్ బిట్‌కు అంటుకుని వచ్చింది, కుళ్లిన ఆకుల వాసనతో. ఆ వాసన చూశాక ఇంకేమీ పరీక్షించక్కర్లేదు.

బయటి పొరను ముట్టుకోకుండా లోపలి పొరను మాత్రమే కోశాను, చుట్టూ మూడు అంగుళాల అంచు వదిలి. బయటి పొర ఉంటే ఆకారం ఉన్నట్టే, కొత్త చెక్కకు అదే అచ్చు. కింది సగం ప్లై ఉలితో పని లేకుండా చేత్తోనే ఊడి వచ్చింది. పై సగం మాత్రం రెండు రోజులు ఏడిపించింది. మంచి చెక్క అంత తేలిగ్గా వదలదు. నీరు ఎక్కడి నుంచి దిగిందో అప్పుడు తెలిసింది. నీళ్లు పోయే అడుగు బెజ్జానికి తొడుగు వేశారు గానీ, లోపల కోసిన చెక్క అంచుకు ఏమీ పూయలేదు. చేపలు వెతికే యంత్రం సెన్సర్‌ను బిగించిన పాత స్క్రూల బెజ్జాలు నాలుగు తెరిచే ఉన్నాయి. అంత పెద్ద చెక్కను కుళ్లబెట్టింది ఆ చిన్న బెజ్జాలే.

ఇక రెసిన్ విషయం. ఆ రోజుల ఫైబర్ పడవల్లో ఎక్కువ పాలియెస్టర్‌తో చేసినవే కదా, మళ్లీ అదే పూస్తే ఏం అని నేనూ అనుకున్నాను. తడి మీద తడి పూసినంతకాలం పాలియెస్టర్ బాగానే కలుస్తుంది. కొత్త పడవ అచ్చులో పోసేటప్పుడు జరిగేది అదే. ఏళ్ల క్రితం గట్టిపడిన పొర మీద కొత్త పాలియెస్టర్ పూస్తే పట్టు తగ్గుతుంది, చెక్కకు దాని పట్టు ఇంకా తక్కువ. నాకు కావలసింది రెండూ: పాత ఫైబర్‌కూ అంటాలి, కొత్త చెక్కకూ అంటాలి. ఎపాక్సీ ఈ రెండు పనులూ చేస్తుంది. పైగా గట్టిపడేటప్పుడు కుంచించుకుపోవడం తక్కువ. వెస్ట్ అన్న పేరే చెక్కను ఎపాక్సీతో తడిపే పద్ధతిని చెప్పే ఇంగ్లిష్ మాటల మొదటి అక్షరాలతో వచ్చింది. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని బే సిటీలో గూజియన్ అన్నదమ్ములు చెక్క పడవలు కట్టుకుంటూ తయారుచేసుకున్న పద్ధతి అది. చెక్క పని కోసం పుట్టిన సరుకు అని తెలిశాక నా అనుమానం సగం తీరింది.

కలపడంలో ఒక సంగతి ముందే తెలుసుకోవాలి. పాలియెస్టర్‌లో గట్టిపరిచే మందు చుక్కలు ఒకటి రెండు పెంచి వేగం పెంచుకోవచ్చు. ఎపాక్సీలో ఆ వేషాలు కుదరవు. 105కు వేగంగా పట్టే 205 హార్డెనర్ గానీ, నెమ్మదిగా పట్టే 206 గానీ కలిపితే ఐదు పాళ్లకు ఒక పాలు, అంతే. ఎక్కువ వేస్తే త్వరగా ఎండదు, అసలు సరిగ్గా ఎండదు. వేగం కావాలంటే హార్డెనరే మార్చాలి. 22 డిగ్రీల దగ్గర కప్పులో 100 గ్రాములు కలిపితే 205తో 9 నుంచి 12 నిమిషాలు, 206తో 20 నుంచి 25 నిమిషాలు పని చేసుకోవచ్చు. ఎండ పెరిగి మరో 10 డిగ్రీలు ఎక్కితే ఆ సమయం దాదాపు సగమవుతుంది. మొదటిసారి పెద్ద చెక్క అతికించేవాళ్లు కళ్లు మూసుకుని 206 తీసుకోండి. కలిపినదాన్ని కప్పులో ఉంచకండి, వెడల్పాటి ట్రేలో పోయండి. కప్పులో కుప్పగా ఉంటే దాని వేడికి అదే ఉడికిపోతుంది. ఒకసారి నా కప్పు చేత్తో పట్టుకోలేనంత వేడెక్కి పొగ కక్కింది, ఆరుబయట మట్టిలో పెట్టి వదిలేశాను.

కంపెనీ పంపులు కూడా కొన్నాను. రెసిన్ పంపు ఒక నొక్కు, హార్డెనర్ పంపు ఒక నొక్కు, పాళ్లు వాటంతటవే సరిపోతాయి. చాలా సుఖం. కానీ రాత్రంతా కదలకుండా ఉన్న పంపు గొట్టంలో గాలి చేరుతుంది. పొద్దున్నే మొదటి నొక్కు వేరే కప్పులోకి వదిలి, ధార నిండుగా వస్తోందని చూసుకున్నాకే లెక్క మొదలుపెట్టాలి. ఆ సంగతి తెలిసి కూడా మూడో రోజు తొందరలో వదిలేశాను. మర్నాడు చూస్తే అంతా రాయిలా ఉంది, ఎడమ మూలలో అరచెయ్యంత మేర మాత్రం బొటనవేలు నొక్కితే వేలిముద్ర పడుతోంది. ఇంకో రోజు ఆగాను, మూడు రోజులు ఆగాను. ఆ ముద్ర అలాగే ఉంది. పాళ్లు తప్పిన ఎపాక్సీ ఎన్నాళ్లు ఆగినా గట్టిపడదు. గీకుడు బిళ్లతో మొత్తం గీకి తీసి, అసిటోన్‌తో తుడిచి, గరుకు కాగితంతో రుద్ది మళ్లీ వేశాను. ఒక పూట పని, ఒక కప్పు రెసిన్ పోయాయి. అప్పటి నుంచి చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు పెట్టుకున్నాను. ఈ జతకు బరువులో కూడా దాదాపు ఐదుకు ఒకటే కాబట్టి 100 గ్రాముల రెసిన్‌కు 20 గ్రాముల హార్డెనర్ తూచి పోస్తే చాలు. కలిపేటప్పుడు కప్పు అడుగూ అంచులూ గీకుతూ రెండు నిమిషాలు నిండా తిప్పాలి. చిన్న పరిమాణాలకు నా ఓటు త్రాసుకే.

చెక్క అతికించిన రోజు మా తమ్ముడు వచ్చాడు. ఇది ఒక్కరి పని కాదు. 18 మిల్లీమీటర్ల మెరైన్ ప్లై రెండు పలకలు ఒకదానికొకటి అతికించి ముందే సిద్ధం చేసుకున్నాను. ఫైబర్ లోపలి ముఖాన్ని 60 నంబరు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్దాను. ముందు చెక్కకూ ఫైబర్‌కూ ఏమీ కలపని ఎపాక్సీ పూత ఒకటి పూశాం. కోసిన అంచులు ఎంత పూసినా తాగేస్తూనే ఉంటాయి, వాటికి మూడుసార్లు పూయాల్సి వచ్చింది. ఆ తడి ఆరకముందే 406 అనే సిలికా పొడి కలిపిన చిక్కటి ఎపాక్సీ. ఎంత చిక్కగా అంటే కర్రతో పైకి తీస్తే కొన నిలబడాలి, జారకూడదు. పళ్లున్న రేకుతో దాన్ని గాడులు గాడులుగా పరిచి, చెక్కను ఆనించి, ఇంజిన్ పాత బెజ్జాల్లోంచి బోల్టులు దూర్చి బిగించాం. బయటి వైపు తిన్నటి దుంగ, మధ్యలో ప్లాస్టిక్ షీటు. పాలిథీన్‌కు ఎపాక్సీ అంటదు.

"ఇంకో చుట్టు బిగించనా అన్నా?" అన్నాడు తమ్ముడు.

"వద్దురా, ఆపెయ్" అన్నాను.

వడ్రంగి జిగురు అలవాటున్న ఎవరికైనా బిగించాలనే అనిపిస్తుంది. ఎపాక్సీకి అది విషం. గట్టిగా నొక్కితే జిగురంతా బయటికి కారిపోయి అతుకులో ఏమీ మిగలదు. చుట్టూ అంచుల్లోంచి సన్నటి పూసలా బయటికి వస్తే చాలు. ఆ పూస నాలుగు వైపులా తెగకుండా కనిపించినప్పుడు ఇద్దరం కాసేపు అలా చూస్తూ నిలబడ్డాం. లోపల గాలి ఖాళీలు లేవని చెప్పే గుర్తు అది.

చెక్క మీద ఎపాక్సీతో తడిపి పరిచే గాజు పోగుల గుడ్డ విషయంలో డబ్బు వృథా చేసుకునేవాళ్లు చాలామంది. ఫైబర్ పనికి మ్యాట్, అంటే నేయకుండా తుంపు పోగులను అతికించి చేసిన పరుపు, చవగ్గా దొరుకుతుంది కదా అని కొంటారు. దాంట్లో పోగులను పట్టి ఉంచే బంధకం పాలియెస్టర్‌లోని స్టైరీన్ అనే ద్రావకానికి కరుగుతుంది, ఎపాక్సీకి సరిగ్గా కరగదు. గట్టిగా, ఉబ్బెత్తుగా, మూలల్లో లేచి నిలబడుతుంది. దాని బదులు రెండు దిశల పోగులను దారంతో కుట్టిన బయాక్సియల్ గుడ్డ, చదరపు మీటరుకు 600 గ్రాములది తీసుకున్నాను. మూలల్లో చక్కగా ఒదుగుతుంది. గుడ్డ బరువెంతో ఎపాక్సీ కూడా సుమారు అంత తాగుతుందని లెక్క వేసుకుంటే ఎంత కలపాలో ముందే తెలుస్తుంది. చెక్కకూ పడవ పక్కగోడలకూ మధ్య మూలను చిక్కటి ఎపాక్సీతో గుండ్రంగా నింపాను. పదునైన మూల మీద గుడ్డ వంగదు, కింద గాలి చిక్కుతుంది. పాత అంచులను వాటి మందానికి 12 రెట్ల వెడల్పున వాలుగా అరగదీశాను. 5 మిల్లీమీటర్ల పొరకు 6 సెంటీమీటర్ల వాలన్నమాట. ఈ గ్రైండింగ్ దుమ్ము భయంకరం. మంచి మాస్కు, ఒళ్లంతా కప్పే దుస్తులు లేకుండా మొదలుపెట్టకండి.

నాకు అన్నిటికన్నా నచ్చిన పని ఇంజిన్ బోల్టుల బెజ్జాలు. మళ్లీ నీరు దిగితే మళ్లీ ఇదే కథ. అందుకని 13 మిల్లీమీటర్ల బోల్టు బెజ్జం కావలసిన చోట ముందు 22 మిల్లీమీటర్లది వేశాను. దాన్ని చిక్కటి ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక సరిగ్గా మధ్యలో 13 మిల్లీమీటర్లది వేశాను. ఇప్పుడు బోల్టు చుట్టూ ఎపాక్సీ గొట్టం ఉంది, చెక్కను బోల్టు ఎక్కడా తాకదు. అడుగు బెజ్జానికీ అదే చేశాను. ఖర్చు దాదాపు ఏమీ లేదు, ఓపిక మాత్రం కావాలి.

లోపాల మాటకొస్తే, ఎపాక్సీ ఎండాక పైన మైనంలాంటి పల్చటి జిడ్డు పొర రావచ్చు. దాన్ని నీళ్లతో, గరుకు పీచుతో కడిగాకే ఉప్పుకాగితం పట్టాలి. కడక్కుండా రుద్దితే జిడ్డు గాడుల్లోకి దిగి పై పూత పట్టదు. తర్వాతి పూత గోరు గుచ్చితే ఇంకా గుర్తు పడే దశలోనే వేసేస్తే ఈ కడుగుడు తప్పుతుంది. నేను రోజు పనిని ఆ లెక్కనే పెట్టుకున్నాను. ఎండకు ఎపాక్సీ తట్టుకోదు, పైన రంగు వేయాల్సిందే. ఆ రంగు ఖర్చు ముందే కలుపుకోండి. ఇంకొకటి, చర్మానికి తగలనివ్వకండి. పదే పదే తగిలితే ఒళ్లు దానికి ఎదురు తిరగడం మొదలుపెడుతుంది, ఆ తర్వాత కొద్దిగా తగిలినా దద్దుర్లే. నైట్రైల్ గ్లవ్స్ పెట్టె ఒకటి పూర్తిగా వాడేశాను, అందుకు ఒక్క క్షణం కూడా బాధపడలేదు. ధర సంగతి మొదట్లోనే చెప్పాను, ఇప్పటికీ ఎక్కువే అనిపిస్తుంది.

మరి ఆ ఖర్చు ఎక్కడ పూడ్చుకున్నాను? సీట్లు పాతవే, కుట్టించి వాడుతున్నాను. చేపలు చూపే తెర పెద్దది కొనాలన్న కోరిక చంపుకుని 5 అంగుళాలది, ఒకరు వాడి తీసేసింది తెచ్చుకున్నాను. దాని సెన్సర్‌కు మళ్లీ కొత్త చెక్కలో స్క్రూలు దించలేదు. తెల్లటి గట్టి ప్లాస్టిక్ పలక ఒకటి వెనక అతికించి సెన్సర్‌ను దానికే బిగించాను. రేపు యంత్రం మారినా బెజ్జాలు ఆ పలకకే. గాలం కర్రల హోల్డర్లు ప్లాస్టిక్ గొట్టం కోసి చేసినవి, ఇప్పటిదాకా ఏ లోటూ లేదు.

పొదుపు చేయనిది వైరింగులో. తగరం పూత ఉన్న రాగి తీగే వేశాను, మామూలు రాగి తీగ తడికి లోపల నల్లబడి పొడిపొడి అయిపోతుంది. బ్యాటరీ నుంచి 18 సెంటీమీటర్ల లోపే ఫ్యూజు. నీళ్లు తోడే పంపును స్విచ్చు బోర్డు దాటించి నేరుగా బ్యాటరీకి, దాని సొంత ఫ్యూజు మీదుగా కలిపాను. తేలే స్విచ్చు ఉంది కాబట్టి నేను లేనప్పుడు వాన పడ్డా తనంతట తానే తోడుతుంది.

అడుగు పలకల కింద తేలడానికి నింపిన ఫోమ్ మాత్రం నేను ఊహించలేదు. రంపంతో ఒక ముక్క కోసి ఎత్తబోతే ఎత్తలేకపోయాను. ఏళ్ల తరబడి నీళ్లు తాగి ఉంది. ఘనపుటడుగు నీరు 28 కిలోలు. అలాంటి ముక్కలు ఎన్ని ఉన్నాయో చూసుకుంటే, వేగం పెంచినప్పుడు ఈ పడవ ఎందుకంత బద్ధకంగా నీటి పైకి లేస్తోందో అర్థమైంది. దాన్ని తీసేసి ఖాళీగా వదలకూడదు, పడవ నిండా నీళ్లు చేరిన రోజు మనల్ని తేల్చేది అదే. కొత్త ఫోమ్ నింపి, అడుగున నీరు పారడానికి దారి వదిలాను. అడుగు పలకలకు మిగిలిన 105 పూశాను, అంచులకు మూడు పూతలు, వెనక చెక్కకు చేసినట్టే.

మొన్న సీజన్ అయ్యాక ఇంజిన్ దించి నాలుగు బోల్టులూ తీశాను. బెజ్జాల లోపల టార్చి వేసి చూస్తే ఎపాక్సీ గొట్టం బూడిద రంగులో నున్నగా, ఒక్క పగులు లేకుండా ఉంది. స్క్రూడ్రైవర్ పిడితో అదే పాత పద్ధతిలో కింది మూల నుంచి పై మూల దాకా కొట్టుకుంటూ వచ్చాను, ఆ ఎడమ మూలతో సహా. అంతటా ఒకటే ఖంగుమనే మోత. డబ్బా అడుగున మిగిలిన రెసిన్ చలికి పంచదారలా పేరుకుపోయి కనిపిస్తే పాడైందనుకున్నాను. వేడి నీళ్ల బకెట్లో డబ్బా పెట్టి కలుపుతూ ఉంటే మళ్లీ తేటగా మారింది. వచ్చే వారం ముందుభాగంలో లంగరు పెట్టె మూతకు అదే వాడతాను. త్రాసు బల్ల మీదే ఉంది.